ఊదాగా ఉండాల్సినవి గులాబీగా కనిపించిన రోజు

ల్యాబు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ సర్వీసులో బాగా గుర్తున్న కేసు చెప్పండి సార్" అని అడుగుతారు. నేను సరిగ్గా చదివిన స్లైడులు కొన్ని వేలు ఉంటాయి, ఒక్కటీ గుర్తు లేదు. తప్పు చదివిన స్లైడు ఒకటుంది. అది కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తుంది.

ఎనభైల మధ్యలో సంగతి. గుంటూరులో మైక్రోబయాలజీ డిగ్రీ ముగించి, ప్రకాశం జిల్లాలో ఒక పాల చిల్లింగ్ సెంటర్లో ల్యాబు అసిస్టెంటుగా చేరాను. చుట్టుపక్కల ఊళ్ల పాలు పొద్దున్నే క్యాన్లలో లారీ ఎక్కి మా దగ్గరకు వచ్చేవి. మేము పరీక్షించి, చల్లబరిచి, పెద్ద డెయిరీకి పంపేవాళ్లం. సెంటర్ రోడ్డు పక్కనే. ఏప్రిల్ వచ్చిందంటే మిరపకాయల లారీలు వరసగా గుంటూరు వైపు పోయేవి. ఒక్కో లారీ వెళ్లాక ల్యాబులో అందరం రెండేసి సార్లు తుమ్మేవాళ్లం. ఆ తుమ్ములు కూడా నేను లెక్కపెట్టేవాణ్ణి. అప్పట్లో నేను అలాంటి మనిషిని. జేబులో చిన్న నోటుబుక్కు, అందులో చేయాల్సిన పనుల వరస, చేసినవాటి పక్కన టిక్కు.

చేరిన వారంలోనే మైక్రోస్కోపు పక్క గోడకి డ్రాయింగు షీటు అంటించి, స్కేలు పెట్టి బ్యాక్టీరియాల పట్టిక గీశాను. మా కెమిస్టు గారు, అంటే మా ల్యాబుకి పెద్ద, దాన్ని చూసి "బాగుందయ్యా, బ్యాక్టీరియాలు కూడా వచ్చి చూసుకుని వాటి గడుల్లో కూర్చుంటాయి" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

ఆ పట్టిక సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. బ్యాక్టీరియా కణం ఒంటిగది ఇల్లు. మన కణాల్లో ఉన్నట్టు కేంద్రకం అనే లోపలి గది దానికి లేదు. వంశం సంగతులన్నీ మోసే పోగు అలా నడిగదిలోనే ఉండచుట్టుకుని పడి ఉంటుంది. చుట్టూ పల్చని పొర, దాని బయట గోడ. కొన్నిటికి గోడ మీద జిగురు పూత, కొన్నిటికి ఈదడానికి తోకలు. నా పట్టికలో మొదటి గడి ఆకారం: గుండ్రం, కడ్డీ, మెలిక. రెండో గడి గోడ. గోడ మందంగా ఉందో పల్చగా ఉందో కంటికి కనిపించదు కాబట్టి రంగులతో అడుగుతాం. ముందు ఊదా రంగు, తర్వాత అయోడిన్, ఆ తర్వాత స్పిరిట్‌తో కడగడం, చివర గులాబీ రంగు. మందపాటి గోడ ఊదా రంగుని పట్టుకుని వదలదు. పల్చని గోడ స్పిరిట్ తగలగానే వదిలేసి, చివరి గులాబీని తీసుకుంటుంది. ఊదా అయితే గ్రామ్ పాజిటివ్, గులాబీ అయితే గ్రామ్ నెగటివ్. మూడో గడి స్పోరు. కొన్ని రకాలకి కష్టకాలం వస్తే కణం లోపలే ఒక గట్టి గింజలాంటిది కట్టుకుంటాయి. ఎండినా, ఉడికినా అది చావదు. దానికి ఈ రంగులేవీ ఎక్కవు. కడ్డీ మధ్యలో ఖాళీ చుక్కలా కనిపిస్తుంది.

పాల క్యాన్లు దింపే అరుగుని డాక్ అనేవాళ్లం. అక్కడ మూత తీసి వాసన చూసే పని ఒక పెద్దాయనది. ఆయన ముక్కు దాటాకే పాలు నా పరీక్షకొచ్చేవి. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబుగారూ అనేవాడు. మొదటి రోజే నా మైక్రోస్కోపు చూసి, "దీనికి ముక్కుందా బాబుగారూ?" అని అడిగాడు.

ఆ ఏప్రిల్లో ఒక పల్లె నుంచి వచ్చే రెండు క్యాన్ల పాలు వరసగా విరగడం మొదలైంది. గాజు గొట్టంలో కొంచెం పోసి స్పిరిట్ దీపం మీద పెడితే చాలు, పలుకులు పలుకులుగా విరిగేవి. అది క్రైస్తవుల పల్లె. ముప్పై ఇళ్ల ఆడవాళ్లు, అందరూ పొలం కూలీలే, ఏదో పథకం కింద వచ్చిన గేదెలతో సొంతంగా సంఘం పెట్టుకుని ఏడాది కాలేదు. అంతకుముందు ఊళ్లో పెద్ద రైతుల సంఘంలో పోసేవాళ్లు. అక్కడ వీళ్ల పాలు అందరివీ అయ్యాక, చివర, వేరే గిన్నెతో కొలిచేవాళ్లు. అందుకే విడిగా పెట్టుకున్నారు. మా రూలు ఒకటుంది: ఒక నెలలో ఆరుసార్లు పాలు విరిగితే సంఘం రద్దు. రద్దయితే మళ్లీ ఆ వేరే గిన్నె దగ్గరికే వెళ్లాలి.

మూడోసారి విరిగినప్పుడు బాబాయ్ వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"బాబుగారూ, ఇది పేడ తగిలిన పాలు కాదండి."

"ఎలా చెప్తావు బాబాయ్?"

"పేడపాలైతే పులుపు కొడతాయి. మూత తీయగానే ముక్కులు మూసుకోవాల. ఇయ్యి ముక్కుకి బానే ఉన్నాయి. నాలిక్కే చేదు."

"విరిగిన పాలు నాలిక మీద పెట్టుకున్నావా!"

"ఇరవై ఏళ్ల నుంచీ పెడతన్నా. నాకేమైంది?"

"నీ ముక్కుకీ నాలిక్కీ మన దగ్గర రిజిస్టరు లేదు బాబాయ్" అన్నాను. అందరూ నవ్వారు. నిజానికి రిజిస్టరు ఉంది. పులుపు ఎంతో కొలిచే పరీక్ష ప్రతి క్యానుకీ డాక్ దగ్గరే జరిగేది, ఆ అంకెలు డాక్ పుస్తకంలో ఉండేవి. ఆ పల్లె పాలకి పులుపు మామూలుగానే ఉందని అందులో రాసి ఉంది. నా పుస్తకం వేరు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు.

ఆ పాలు ఒక చుక్క తీసి, గాజు పళ్లెంలో పెంచడానికి పెట్టాను. అది గురువారం. మర్నాడు గుడ్ ఫ్రైడే, సెలవు. శనివారం పెదకాకానిలో స్నేహితుడి పెళ్లి, సెలవు పెట్టాను. ఆదివారం సరేసరి. పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు గంటల లోపు కణాలకే రంగు వేయాలని నాకు తెలుసు. నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసుకున్నాను కూడా. సోమవారం పొద్దున పెళ్లి భోజనం బరువు ఇంకా దిగకుండానే వచ్చి, ఆ నాలుగు రోజుల పళ్లెం నుంచే స్లైడు చేశాను.

గులాబీ కడ్డీలు. చక్కగా, వందలకొద్దీ. కొన్నిటి మధ్యలో ఖాళీ చుక్కలు. రంగు సరిగ్గా ఎక్కలేదనుకున్నాను. గులాబీ, కడ్డీ అనగానే పట్టికలో వేలు పెట్టిన చోట 'పేడలో ఉండేవి' అని ఉంది. వాటికి స్పోరు ఉండదు కాబట్టి మూడో గడిలో 'లేదు' అని రాసేశాను. మొదటి రెండు గడులూ నింపింది నా కళ్లు. మూడోది నింపింది నా పెన్ను. పేడ రకమైతే వాయువు పుట్టిస్తుంది, అది తేల్చే గొట్టాలు ల్యాబులో అయిపోయి ఉన్నాయి. ఇండెంటు పెట్టాం, రావాలి. వచ్చేదాకా ఆగాలన్న ఆలోచన నాకు రాలేదు.

రిపోర్టు నాలుగు పాయింట్లు. ఒకటి, పాలలో పేడ సంబంధమైన గ్రామ్ నెగటివ్ కడ్డీలు కలవు. రెండు, పాలు విరుగుటకు ఇదే కారణం. మూడు, పితికేవారి చేతులు అపరిశుభ్రంగా ఉన్నవి. నాలుగు, పర్మాంగనేటు నీళ్లతో చేతులు కడుగుకొను విధానం ఎదుట చేయించి చూపవలెను. కింద సంతకం. అక్షరాలు బాగున్నాయని కెమిస్టు గారు అన్నారు.

నాలుగో పాయింటు ప్రకారం మా సూపర్‌వైజరు వెళ్లి, ఊళ్లో బస్సు ఆగే చోట బేసిన్ పెట్టి, ముప్పై మంది ఆడవాళ్లనీ వరసలో నిలబెట్టి, నా రిపోర్టు చదివి వినిపించి, చేతులు కడిగించి వచ్చాడు. "ఊరు ఊరంతా వచ్చి చూసిందండీ" అని సంతోషంగా చెప్పాడు. ఎక్కువమందికి తెలిసింది కదా అని నేను కూడా సంతోషించాను.

మర్నాడు పాలు విరిగాయి. ఆ తర్వాత రోజు బాగున్నాయి, మళ్లీ విరిగాయి. మొత్తం ఐదు.

బాబాయ్ క్యాను మూత వేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "పాలు ఇక్కడ పుట్టవు కదండీ బాబుగారూ. ఒక్క పొద్దు ఆ పల్లెకి పోయి చూసి రారాదూ? గోడ మీద కాయితం ఎక్కడికీ పోదులే."

కోపం వచ్చింది. కానీ ఆరోది విరిగితే సంఘం పోతుంది, అది నా సంతకం మీద పోతుంది. ఆ సాయంత్రమే ఖాళీ క్యాన్ల లారీ ఎక్కాను. రోడ్డు మీద దిగి, పత్తి కట్టె పీకేసిన చేల గట్ల మీదుగా రెండు మైళ్లు నడిచాను.

సంఘం అధ్యక్షురాలు యాభై దాటిన మనిషి. ఆదివారాలు చర్చిలో బైబిలు చదివేది ఆమేనట. మిగతా రోజులు కూలికి పోతుంది. నన్ను చూసి లేచి నిలబడింది కానీ రమ్మనలేదు.

"బేసిన్ తెచ్చారా సారూ?"

"లేదమ్మా. పాలు పితికేది చూద్దామని."

"చూడండి. చూడ్డానికేగా అంతా వచ్చేది."

ఆడవాళ్లు అప్పుడే మిరప కళ్లాల నుంచి తిరిగొస్తున్నారు. తాలుకాయలు ఏరి, తొడిమలు తీసి పొద్దంతా ఆ ఘాటులో కూర్చున్నవాళ్లు. ఎవరూ నేరుగా గేదె దగ్గరికి పోలేదు. ముందు అరచేతులకి నూనె రాశారు. తర్వాత బూడిద, తర్వాత సబ్బు, ఆపైన మజ్జిగ నీళ్లు. ఒక్కొక్కరూ చేతుల్ని అంతసేపు తోముకుంటుంటే నేను గడియారం చూసి నోటుబుక్కులో రాయబోయాను. ఒక పడుచు మనిషి ఫక్కున నవ్వింది.

"ఏం రాస్తన్నారు సారూ? మిరగ్గాయ చేత్తో పొదుగు పట్టుకుంటే గేదె ఊరుకుంటదా? తంతే కళ్లంలో పడతాం. ఈ నెల్లాళ్లూ మా చేతులంత సుబ్బరం మీ డాకటేరు చేతులు కూడా ఉండవు."

నేను గుంటూరు వాణ్ణి. కారం దంచిన చేత్తో కళ్లు నలుపుకుని ఏడ్చిన పిల్లవాణ్ణి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మూడో పాయింటు రాసేటప్పుడు అది నాకు గుర్తుకు రాలేదు. ఏప్రిల్ నెల, మిరప పల్లె, చేతులు. ఈ మూడూ నా పట్టికలో లేవు.

పితికిన పాలు చెంబుల్లో, బిందెల్లో పట్టుకుని అధ్యక్షురాలి ఇంటికి తెస్తున్నారు. గేదెల పాకలు చేల దగ్గర, ఇల్లు దూరం. నడుస్తుంటే తొణకకుండా ప్రతి బిందెలోనూ పాల మీద గుప్పెడు వరిగడ్డి మడిచి వేశారు. మా అమ్మమ్మ ఊళ్లోనూ చూశాను అది. ఇంటికి రాగానే గడ్డి తీసి పారేసి, పాలు వడగట్టి లోపలికి తీసుకెళ్తున్నారు. కానీ క్యాన్లు వసారాలో ఖాళీగానే ఉన్నాయి. పెరట్లో పొగ.

"అదేంటమ్మా పొయ్యి మీద?"

"కాఫీకి పాలు."

"అంత పెద్ద డేగిసానా?"

"మాది పెద్ద పల్లె సారూ" అంది ఆమె, మొహం ఏమాత్రం కదల్చకుండా.

వెనక ఎవరో నవ్వాపుకోలేకపోయారు. ఆమె కూడా ఇక దాచలేదు. ఎండలు ముదిరాక, సాయంత్రం పాలు తెల్లారి లారీ వచ్చేలోపు పులిసిపోతున్నాయని, నెల మొదట్నించీ కాచి పోస్తున్నారు. కాచిన పాలు తీసుకోకూడదని మా రూలు. తెలుసు కాబట్టే చెప్పలేదు.

"బేసిన్ పెట్టి కడిగించాక ఇంకా గట్టిగా కాస్తన్నాం" అంది. "గంట సేపు పొంగిస్తన్నాం. మా పాలల్లో మురికుందని ఎవరూ అనకూడదని. మరి ఎందుకు ఇరుగుతున్నాయి సారూ? మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి."

ఆ వసారాలో నిలబడే నా రిపోర్టు మనసులో మళ్లీ చదువుకున్నాను. పేడలో ఉండే కడ్డీలు ఒక్క పొంగుకే చస్తాయి. గంట సేపు మరిగిన పాలల్లో అవి ఉండడానికి వీల్లేదు. మరి నేను చూసిన కడ్డీలు ఏమిటి? మరిగినా చావనివి. అంటే స్పోరు ఉన్నవి. ఆ ఖాళీ చుక్కలు రంగు ఎక్కని లోపం కాదు, అవే స్పోర్లు. కాలికి ఏదో మెత్తగా తగిలితే వంగి చేతిలోకి తీసుకున్నాను. బిందెలో నుంచి తీసిన గడ్డి. ఎండుగడ్డి మీద బతికే కడ్డీల గురించి మా లెక్చరరు ఒక పూటంతా చెప్పారు.

మిగిలింది వరసగా అర్థమైంది. గడ్డి నుంచి స్పోర్లు పాలలోకి వస్తున్నాయి. మరిగిస్తే పాలను పులియబెట్టే రకాలన్నీ చస్తున్నాయి, ఇవి మాత్రం మిగులుతున్నాయి. పోటీ లేదు, రాత్రంతా గోరువెచ్చని పాలు, మూత వేసిన క్యాను. స్పోర్లు విచ్చుకుని, పులుపు పుట్టించకుండానే పాలను చేదు చేసి విరగ్గొడుతున్నాయి. బాబాయ్ నాలిక చెప్పింది అక్షరాలా అదే.

"అమ్మా, మీరు కాచినకొద్దీ వాటికి మేలే జరిగింది" అన్నాను.

ఆమె పొయ్యి వైపు చూసింది. "అంటే తక్కినయ్యన్నీ చచ్చి, ఇంటికి అదొక్కటే పెద్దయింది."

ఇంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదవలేదు.

ఆ గడ్డి పొట్లం కట్టుకుని వెనక్కి వచ్చాను. పద్దెనిమిది గంటల పళ్లెం నుంచి రంగు వేస్తే కడ్డీలన్నీ ఊదా. నాలుగు రోజులు వేడిలో మగ్గిన పళ్లెంలో ముసలివైపోయి, గోడలు సడలి, ఊదా రంగుని నిలబెట్టుకోలేక గులాబీగా కనిపించాయి, అంతే. పాత స్లైడు పెట్టెలో నుంచి తీసి మళ్లీ చూశాను. ఖాళీ చుక్కలు ప్రతి కడ్డీలోనూ ఒకే చోట, ఒకే కొలత. రంగు లోపం అంత క్రమంగా ఉండదు. అంత క్రమం నాలాంటివాడు గమనించకపోవడం నాకు ఇప్పటికీ సిగ్గే.

మూడు గొట్టాలు పెట్టాను. ఒకదానిలో పచ్చిపాలు, ఒకదానిలో కాచిన పాలు, మూడోదానిలో గడ్డి ముంచి తీసి కాచిన పాలు. తెల్లారి కెమిస్టు గారి బల్ల మీద పెట్టాను. మొదటిది పులిసింది. రెండోది బాగుంది. మూడోది విరిగింది, పులుపు లేదు. బాబాయ్‌ని పిలిచి చూడమన్నాను. ఆయన మూడోదాన్ని నాలిక మీద వేసుకుని, తల ఊపాడు.

కెమిస్టు గారు పాత రిపోర్టు తీశారు. "ఇది పై ఆఫీసుకి వెళ్లిపోయిందయ్యా. రూలు వీళ్లూ తప్పారు, కాచిన పాలు పోశారు. తప్పు వాళ్ల మీద ఉంచి, ఇకమీదట జాగ్రత్తపడమని రాస్తే సరిపోతుంది. నీ ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. స్లైడు తప్పు చదివానని నువ్వే రాసిస్తే రేపు ఏమవుతుందో నేను చెప్పలేను."

"మూడో పాయింటు ఉందండీ" అన్నాను.

"ఏముంది మూడో పాయింట్లో?"

"చేతులు."

ఆయన చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, తెల్ల కాగితం నా వైపు తోశారు. "రాయి. కింద నేనూ సంతకం పెడతా. నీ పళ్లెం నాలుగు రోజులదని నేను అడగాల్సింది. అక్షరాలు చూసి మురిసిపోయా."

రద్దు ఆగింది. ఆయనే మాట్లాడి సాయంత్రం లారీని ఆ దారిన తిప్పించారు, కాచే పని లేకుండా పోయింది. గడ్డికి బదులు పాల మీద కడిగిన చిన్న స్టీలు గిన్నె తేల్చమన్నాం. తొణకడం ఆగిందో లేదో కానీ, మొదటి రోజే ఒక గిన్నె క్యానులో ఉండిపోయి మా దాకా వచ్చింది. దాని మీద ఎవరిదో పెళ్లినాటి పేరు చెక్కి ఉంది. బాబాయ్ క్యాన్లో ముక్కు పెట్టి, ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపే ఉంచి, "పొయ్యండి" అన్నాడు.

గిన్నె ఇచ్చి రావడానికి నేనే వెళ్లాను. కొత్త రిపోర్టు నకలు కూడా తీసుకెళ్లాను. ఆడవాళ్లందరూ చర్చి అరుగు మీద కూర్చున్నారు. అధ్యక్షురాలు "చదవండి" అంది. ఇవ్వబోతే తీసుకోలేదు. "మొదటిది మమ్మల్ని నిలబెట్టి చదివారు. ఇదీ నిలబడి చదవండి."

నిలబడి చదివాను. 'పితికేవారి చేతులు శుభ్రంగా ఉన్నవి. పరీక్షలో పొరపాటు నాది.' చదవడం అయిపోయాక మిరగ్గాయ చేతుల గురించి చెప్పిన ఆ పడుచు మనిషే అడిగింది.

"బాగుంది సారూ. మరి బస్సు కాడ ఊరందరి ముందూ మా చేతులు కడిగించారు కదా. దాని గురించి అందులో ఏం రాశారు?"

ఏమీ రాయలేదు. దానికి పాయింటు పెట్టాలని నాకు తోచలేదు. అధ్యక్షురాలు లోపలికెళ్లి, మా సూపర్‌వైజరు వదిలేసి పోయిన బేసిన్ తెచ్చి, నీళ్లు పోసి, పొట్లంలో మిగిలిన పర్మాంగనేటు మందు అంతా అందులో వేసింది. నీళ్లు ముదురు ఊదా అయ్యాయి.

"కడగండి బాబూ. మేం చూస్తాం."

మొదటిసారి నన్ను బాబూ అంది. చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా కడిగాను. ముప్పై మందీ చూశారు. "వేళ్ల సందుల్లో, వేళ్ల సందుల్లో!" అని ఎవరో సూపర్‌వైజరు గొంతు అనుకరించారు. అంతా గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను కానీ చేతులు ఆపలేదు.

ఎవరూ కొలత ప్రకారం వేయలేదు కాబట్టి ఆ మరక మూడు రోజులు పోలేదు. మర్నాడు డాక్ మీద బాబాయ్ నా చేతులు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, క్యాను వాసన చూసినంత శ్రద్ధగా చూశాడు.

"ఏం తేలింది బాబుగారూ? ఊదానా, గులాబీనా?"

రెండూ కాదు. ఆ మందు చర్మం మీద ఎండితే గోధుమ రంగే. గోడ మీద నా పట్టికలో దానికి గడి లేదు.